పడవకు నీడ లేని ఇల్లు

కొవ్వూరు దగ్గర గోదావరి గట్టుకు లోపలి వైపున్న మేడలో నివాసం ఉంటున్న గారపాటి సంపూర్ణమ్మ అను నేను, డెబ్బై తొమ్మిదో ఏట, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. నిన్న డాక్టరు గారు చూసి, బీపీ ఎక్కువగా ఉందనీ మతి సరిగానే ఉందనీ కాగితం రాసిచ్చారు. జత చేశాను. కోపంగా ఉన్న మాట నిజం. కోపం వస్తే మతి పోయినట్టు కాదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఈ ఇంట్లో నా చేత బలవంతంగా సంతకం పెట్టించుకున్నది ఒకే ఒక్కసారి, ఆ సంగతి కింద వస్తుంది.

1. ఈ మేడ మా అమ్మ నాకు రాసిచ్చింది. నా భర్త కాలం చేశారు, మాకు పిల్లలు లేరు. నా తదనంతరం మేడ, పెరడు సర్వహక్కులతో నా తమ్ముడు దొరబాబు కూతురు లావణ్యకు చెందాలి, నాలుగో క్లాజులోని షరతుకు లోబడి. దొరబాబుకు చెందకూడదు.

2. దొరబాబుకు, మా ముందు గోడకు బిగించిన నీలం బోర్డును రోజూ తుడుచుకునే హక్కు ఇస్తున్నాను. అది వారసత్వ కట్టడమని చెప్పే బోర్డు. ఆ ముచ్చట వాడిదే. పాత మేడల్లో పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు వస్తారని, మా హాలు అద్దెకు ఇవ్వొచ్చని, అర్జీ పట్టుకొచ్చి నా చేత సంతకం పెట్టించాడు. రెండేళ్ళ కిందట ఆఫీసర్లు ఫొటోలు తీయడానికి వస్తున్నారని తెలిసి, ముందు రోజు నేను పాలకొల్లు గుడికి వెళ్ళిన పూట చూసుకుని, పెరట్లో మా వరద పడవ ఉండే తాటాకు పాకను పీకించేశాడు. పెళ్ళిచూపులకు ఇల్లు సర్దినట్టు సర్దాడు. అడిగితే, "అక్కా, పెద్ద పెద్దోళ్ళు వస్తన్నారు. ఆ పాక ఫొటోలో పడితే మన పరువేం కానూ? వాళ్ళెళ్ళాక కొత్త షెడ్డు వేయిత్తాను గదా!" అన్నాడు.

వేయలేదు. వేయలేడు. ఫొటోలో లేని కట్టడం ఏదీ ఆవరణలో కట్టరాదని ఆఫీసువాళ్ళు కాగితం పంపారు. అక్కడ అరవై ఏళ్ళు పాక ఉందయ్యా అంటే, ఫొటోలో చూపించమన్నారు. బోల్టులు విప్పితే ఊడొచ్చే రేకుల షెడ్డుకైనా ఒప్పుకోలేదు. వచ్చిన పెద్దమనిషి మా ఇంట్లో కాఫీ తాగి, రెండు సున్నుండలు తిని, పడవను కూడా తీసేస్తే పెరడు ఇంకా అందంగా ఉంటుందని సలహా ఇచ్చాడు. ఆ సున్నుండలు ఇప్పటికీ నా కడుపులో మండుతున్నాయి.

3. పడవను, దాన్ని నడిపే త్రిమూర్తులుకు ఇస్తున్నాను. ఎనభై ఆరో సంవత్సరం వరదల్లో గోదావరి మా హాల్లో రొమ్ము లోతు నిలిచింది. జ్వరంతో కదలలేని మా అమ్మ పందిరిమంచం మీద ఉంది. అప్పుడు ఇరవై ఆరేళ్ళ త్రిమూర్తులు ఈ పడవను సింహద్వారంలోంచి నడుపుకుంటూ తిన్నగా ఆమె మంచం దగ్గరకు తెచ్చాడు. బీరువా మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్న ముప్పై మూడేళ్ళ దొరబాబును కూడా వాడే దింపాడు. పరువు గురించి మాట్లాడే తమ్ముడు ఇది మరిచిపోయాడు కాబట్టి దస్తావేజులోకి ఎక్కిస్తున్నాను.

అప్పటి నుంచి ఏటా వేసవిలో త్రిమూర్తులు పడవను బోర్లించి, సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం నూనె పూసి, వరదల వేళకు సిద్ధం చేస్తాడు. నేను అడగక్కర్లేదు. పాక పోయాక రెండు వానాకాలాలు టార్పాలిన్ కింద నాని, ఒక పలక వేలు పెడితే దిగబడేంత మెత్తబడింది. కాలనీలో వాడి ఇల్లు ఒక్క గది, పడవకు చోటు లేదు. ఇంకో వానాకాలం బయట ఉంటే పడవ మిగలదు. గోదావరి మాత్రం మళ్ళీ వస్తుంది, దానికి వారసత్వ కట్టడాల జాబితాలు తెలియవు.

4. షరతు. పెరట్లో పడవకు షెడ్డు లేచేదాకా పడవ మా హాల్లో ఉంటుంది. ఇంటి లోపలి సామాన్లతో తమకు సంబంధం లేదని ఆఫీసువాళ్ళే రాశారు, చదువుకున్నాను. పడవ వెడల్పు మూడున్నర అడుగులు, సింహద్వారం నాలుగున్నర. షెడ్డు లేకుండా ఎవరు పడవను బయటపెట్టినా, ఆ రోజు నుంచి ఇల్లు త్రిమూర్తులుది. వాడు ఎప్పుడొచ్చినా ముందు గుమ్మంలోంచే రావాలి, పెరటి దారిన కాదు.

లావణ్యా, ఈ షరతు నీ మీద కోపంతో కాదమ్మా. షెడ్డుకు మూడుసార్లు ప్లాను గీసి, మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కిన పిల్లవు నువ్వు. కానీ మీ నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కరిగిపోతావు. ఇప్పుడు కరిగినా లాభం లేదని వాడితో చెప్పు. మా అమ్మ కాసులపేరు కూడా నీదే.

5. హాల్లోని సోఫాసెట్టు దొరబాబు తెచ్చిందే, పట్టుకుపోవచ్చు. దానికిక చోటు లేదు.

6. దీనిని అమలు జరిపే బాధ్యత వకీలు ప్రసన్నకుమారి గారిది.

ఈ ఉదయం త్రిమూర్తులు నలుగురు మనుషులను తెచ్చి, వెదురు బొంగుల మీద దొర్లిస్తూ పడవను గడప దాటించాడు. దాటాక చెమట తుడుచుకుని, "అమ్మగారండీ, నీళ్ళు లేకుండా ఇది లోపలికి రావడం ఇదే మొదటిసారండి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కలం తీశాను.

తేదీ: 14 జూన్ 2025
స్థలం: మా హాల్లో, పడవలో కూర్చుని

(సం.) గారపాటి సంపూర్ణమ్మ

సాక్షులు, ఆమె సంతకం చేస్తుండగా పడవ పక్కన నిలబడి చూసినవారు:
1. విజయ్ పాల్, రిటైర్డ్ హెడ్మాస్టరు
2. సత్యవాణి, పక్కింటివారు