టాపు వేసినాయన

ముదిగుబ్బ

నాగభూషణ్ గారికి నమస్కారాలు.

పాత కార్లు సేకరించే మీరు బెంగళూరు నుంచి మా నాయన స్పోర్ట్స్ కారు చూడ్డానికి వచ్చిన రోజు మేం చేసిన పనికి నాకింకా సిగ్గుగానే ఉంది. తాడిపత్రి జాకబ్ మేస్త్రీ ఎర్రరంగు వేసి, మడిచే గుడ్డ టాపు మళ్లీ కుట్టించి, ప్రాణం పోసిన కారు అది. చినుకులు పడగానే దాన్నీ మిమ్మల్నీ వాకిట్లో వదిలేసి, వాడిపోతున్న శెనక్కాయ చేను తడుస్తుంటే చూడ్డానికి అందరం పరిగెత్తాం. వాన వస్తే టాపు వేయాలన్న ఆలోచనే మాలో ఎవరికీ రాలేదు. తిరిగొచ్చేసరికి టాపు వేసి ఉంది, మీరు నిలువునా తడిసి ఉన్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమిచ్చిన నాయన పొడి చొక్కా తొడుక్కుని, చేను బాగా తడిసిందా అని అడిగారు. ఆ మాట మరిచిపోలేను.

కారు అమ్మకానికి పెట్టాడే గానీ, చూడ్డానికి వచ్చిన వాళ్లెవరూ నాయనకు నచ్చలేదు. నిన్న అన్నం తింటూ తనే అన్నాడు: "వానొస్తే మనం చేని కాడికి పోతిమి. ఆయప్ప కారు కాడ నిలబడినాడు. ఇంగ అది ఆయప్పదే."

వీలు చూసుకుని వచ్చి తీసుకెళ్లండి. మీ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. ఈసారి మబ్బు పడితే ముందు టాపు వేసి, ఆ తర్వాతే చేనికి పోతాం.