అక్క రాసిన మూడు పేజీలు

ప్రియమైన అక్కకి,

ఉత్తరం పూర్తిగా చదివాక పైన ఆ 'ప్రియమైన' కొట్టేసుకున్నా నేనేమీ అనుకోను.

చరిత్ర చదవడానికి నాకు సీటొచ్చిందని నాన్న వీధంతా చాటింపు వేశాడు కదా. అది నా ప్రతాపం కాదు. రెండేళ్ల కిందట నువ్వు ఇదే కాలేజీకి పంపితే వాళ్లు వద్దన్న వ్యాసం, అమ్మమ్మ కుట్టుమిషను గురించి రాసిన ఆ మూడు పేజీలు, నీ అలమర అడుగున దొరికాయి. మర్నాడే గడువు. నా బుర్రలో ఒక్క వాక్యం లేదు. అమ్మమ్మ ఇద్దరికీ అమ్మమ్మే అనుకుని, అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసేశాను.

అసలు సంగతి ఇది కాదు. ఇక్కడ కాలేజీ ఆఫీసులో పాత దరఖాస్తులు సర్దే పని నాకు అప్పగించారు. నిన్న నీ ఫైలు చేతికొచ్చింది. నీ వ్యాసానికి పదికి తొమ్మిది. అదే వ్యాసానికి నాకెంతో తెలుసా? ఎనిమిది. నీ తొమ్మిది పక్కన ఎర్రసిరాతో "అమ్మాయిలు ఇప్పటికే ఎక్కువయ్యారు" అని ఉంది. నా ఎనిమిది పక్కన "అబ్బాయి. తప్పక తీసుకోవాలి" అని ఉంది.

గుమాస్తాని అడిగితే నవ్వాడు. "ఏం చేస్తాం బాబూ, ఈ సబ్జెక్టులంటే మగపిల్లలు మొహం చాటేస్తున్నారు. నలభైమందిలో ఇద్దరే అబ్బాయిలుంటే క్లాసుకి కళ ఉండదంటారు మా పెద్దాయన. అందుకే అబ్బాయి కాగితం కనబడితే ముందు దాన్నే పైన పెడతాను" అన్నాడు. ఎంత మామూలుగా చెప్పాడో! నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, బాగుపడింది నేనే కదా.

సిగ్గుతో చచ్చిపోతున్నానక్కా. నెలాఖరుకి సీటు వదులుకుంటున్నానని రాసిచ్చేస్తాను. అప్పటికైనా నీ మనసు చల్లబడుతుందేమో.

ఇట్లు,
నీ దొంగ తమ్ముడు

* * *

ఒరేయ్ తమ్ముడూ,

కళ్లజోళ్ల కొట్టులో బేరాల్లేని వేళ చూసి నీ ఉత్తరం చదివాను. నాలుగుసార్లు చదివాను. తొమ్మిది దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను. ఆ ధ్యాసలో ఒకాయనకి ఇంకెవరిదో కళ్లజోడిచ్చి పంపేశాను. వెనక్కొచ్చి నానా మాటలూ అన్నాడు.

సీటు వదిలేస్తాడట, మహా త్యాగమూర్తి! నువ్వు లేస్తే ఆ కుర్చీలో నన్ను కూర్చోబెడతారా? మీ గుమాస్తా ఇంకో అబ్బాయి కాగితం పైకి తీస్తాడు. నోరు మూసుకుని చదువుకో.

వ్యాసం పోయిందని నాకు అప్పుడే తెలుసు. అలమర సర్దుకునేది నేనే కదా. పనికిరాని కాగితాలు, పోతే పోయాయనుకున్నాను. అలా అనుకున్నందుకే ఇప్పుడు ఏడుపొస్తోంది. రెండేళ్లుగా నాకు రాయడం చేతకాదని నమ్మాను. కాలేజీవాళ్లు ఒక్కసారే వద్దన్నారు. "నీ మొహానికి రాతలొకటా" అని అన్నానికి కూర్చున్నప్పుడల్లా అన్నది నువ్వు. నాన్న నవ్వేవాడు. ఏడిస్తే బాగుండదని నేనూ నవ్వేదాన్ని. దొంగతనం క్షమించేశాను. ఇది మాత్రం నా వల్ల కావడం లేదు.

ఆదివారం ఇంటికి రా. ఆ మూడు పేజీలూ తీసుకురా. అందరం భోజనాలకి కూర్చున్నాక, నాన్న ఎదురుగా, పైకి చదువు. అయ్యాక అది ఎవరు రాశారో, ఎన్ని మార్కులొచ్చాయో, ఎందుకు వద్దన్నారో నీ నోటితోనే చెప్పు. మధ్యలో ఆపకు.

ఈసారి నేను నవ్వను.

అక్క