నా మాట తీసేయించకు

అక్కా,

నువ్వు చీర కట్టుకుని ఇల్లు వదిలిన పన్నెండేళ్లలో నిన్ను అన్నా అని కాక ఇలా పిలవడం ఇదే మొదటిసారి. పట్నంలో చిన్నచిన్న గదుల్లో నువ్వు వేసే నాటకాల మీద డాక్యుమెంటరీ తీస్తున్న అమ్మాయి నిన్న కెమెరాతో నస్పూర్‌లో మన క్వార్టర్‌కు వచ్చింది. వాకిట్లో ప్రార్థనకొచ్చిన మన చర్చివాళ్లున్నారు. వాళ్లకు నీ సంగతి తెలిసిపోతుందని భయపడి, "మా అన్న ఎప్పుడో సచ్చిపోయిండు, పొండ్రి," అన్నాను.

లోపలినుంచి బాపు ఆయాసపడుతూ బయటికొచ్చాడు. "సచ్చిపోలే బిడ్డా. పట్నంల నాటకాలేస్తది. పేరు ఎవాంజెలిన్. నా బిడ్డే," అన్నాడు.

నీ కొత్త పేరు ఆయనకు తెలుసని నాకే తెలియదు. అప్పటినుంచి బాపు నాతో మాట్లాడటం లేదు.

కెమెరాలో పడ్డ నా మాట సినిమాలోంచి తీసేయించమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు అడగలేను. బాపు మాట పక్కనే దాన్నీ ఉండనివ్వు. సినిమా వేసే రోజు బాపును తీసుకొస్తాను. నన్నూ లోపలికి రానిస్తావా?

నీ తమ్ముడు