ఖర్కాయి ఒడ్డున ఉల్లంకి

జంషెడ్‌పూర్,
18 అక్టోబరు 2025.

గౌరవనీయులైన గౌరీదేవి వదినకు,

మీ తమ్ముడి ఇంటి నుంచి రత్నం నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆచారం కనుక రాస్తున్నాను. మిగతాది చదివి మీరే తేల్చండి.

ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకు అంటారేమో. రాత్రంతా రైలు నడిపి వచ్చి ఆయన పగలు పక్క గదిలో పడుకుంటారు. ఈ రైల్వే క్వార్టర్లో గుసగుస కూడా గోడ దాటుతుంది.

దసరా ముందు నుంచి ఆయన డ్యూటీ దిగాక సూటిగా ఇంటికి రావడం లేదు. అడిగితే బండి లేటంటారు. పట్టాల పక్కన ఉండేది కంకర. ఆయన ప్యాంటు అంచుకి ఉండేది ఏటి బురద. ఇంటి ఖర్చు రాసేది నేనే కదా, స్కూటరు పెట్రోలు కూడా స్టేషనుకి వెళ్ళిరావడానికి మించి అవుతోంది.

తీరు కూడా మారింది. పేపరు తిరగేసి పక్కన పడేస్తున్నారు. అష్టమినాడు నేను లేత పసుపు చీర కట్టుకుంటే తెల్లచీర బాగుందన్నారు. మనసు ఎక్కడో ఉన్నవాడికి పెళ్ళాం చీర రంగు ఏం తెలుస్తుంది?

ఇంజన్లో సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి, అసిస్టెంటు అదే మాట తిరిగి అనాలి. ఆ అలవాటు మా ఇంట్లోనూ ఉంది. బయల్దేరేటప్పుడు ఆయన "గ్యాస్ బంద్" అంటారు, నేనూ "గ్యాస్ బంద్" అంటాను. ఈ మధ్య నేను ముందు అనేదాకా ఆయన నోరు విప్పడం లేదు.

మొన్న పక్కింటి భద్రమ్మ జుగ్సలాయి బజారు నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగింది.

"ఏటే రత్నం, మీ ఆయన ఆదిత్యపూర్ వంతెన కింద ఎవర్తో పిల్లతో నిలబడి పిట్టల్ని సూత్తన్నాడట. ఈ వయసులో పిట్టలేటే?"

ఊరికే పోకుండా కొత్తిమీర కట్ట కూడా చేతిలో పెట్టి వెళ్ళింది, ఓదార్పుకి.

ఈ పొద్దున ఆటో ఎక్కి ఖర్కాయి ఏటి ఒడ్డుకి నేనే వెళ్ళాను. ఛట్ పండగకి ఒడ్డు చదును చేస్తున్నారు. అక్కడ పాతిన వెదురు గుంజల వెనక నిలబడ్డాను. భద్రమ్మ చెప్పింది నిజమే. ఆ అమ్మాయి పేరు రోహిణి, బళ్ళో సైన్సు చెబుతుందట, మా అమ్మాయి శ్వేత వయసు ఉంటుంది. ఎదురుగా వెళ్ళి నిలబడితే మీ తమ్ముడు నన్ను ఎవరో అన్నట్టు చూశారు. నేను మాట్లాడాకే ఉలిక్కిపడ్డారు. అంత నటన ఎక్కడ నేర్చారో.

రోహిణి ఏ తడబాటూ లేకుండా, హిందీలో ఆంటీ అని పిలిచి పిట్టను చూపించింది. ఇసుక మేట అంచున ఒక ఉల్లంకి. మీ వైపు ఉప్పు మళ్ళలో దిగేవాటిలాంటిదే. ముక్కు కిందికి వంగి ఉంది, కాళ్ళు ఒక్కచోట నిలవవు. ఉత్తరాన మంచు దేశం నుంచి వచ్చిందట. ఇక్కడ కొన్నాళ్ళు తిని, బలం పుంజుకుని, దక్షిణాదికి ఎగిరిపోతుందట. ఎక్కడో దాని కాలికి రంగు పట్టీ వేశారు. ఆ రంగుని బట్టి ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కుంటారట. మీ తమ్ముడు రోజూ ముందు ఉత్త కంటితో రంగు చెబుతారట, ఆ తర్వాత ఆ పిల్ల దుర్భిణిలో సరిచూస్తుందట.

నా ముందే ఆయన "వైట్" అన్నారు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ "ఎల్లో, అంకుల్" అంది. నాకూ పసుపే కనిపించింది. ఆయన ముఖం మాడిపోయింది. పిట్ట కాలి పట్టీకి ఇంత బాధా? ఇందులో వాళ్ళిద్దరికే తెలిసిన సంకేతం ఏదో ఉంది. ఆయన మీ మాటే వింటారు. రైలెక్కి వచ్చి నిలదీయండి.

మీ మాట కోసం ఎదురుచూసే
రత్నం

తా.క.: ఈ ఉత్తరం నిన్న పోస్టు చెయ్యలేదు. కవరు అంటించబోతుంటే దండెం మీద పసుపు చీర కనబడింది. అష్టమినాడు ఆయన తెల్లదన్నది అదే. చీర తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి రంగు అడిగాను. చీరని కిటికీ వెలుగుకి తిప్పి చూశారు.

"తెలీట్లేదే రత్నం. నెల్లాళ్ళై ఎల్లో సిగ్నల్ని అసిస్టెంటు నోట ఇని సెప్తన్నాను."

అలసటేమోనని ఆ పిట్ట మీద కళ్ళు పరీక్షించుకుంటున్నారట. వచ్చే నెల రైల్వే మెడికల్ పరీక్షలో తప్పితే ఇంజన్ మీంచి దింపేస్తారు. బండి నిండా మనుషులుంటారు కదా అన్నాను. అంతే, డ్యూటీ మానేసి ఆసుపత్రికి వెళ్ళడానికి సిక్ మెమో తీసుకుంటానని లేచారు.

ఈ పొద్దున రైల్వే ఆసుపత్రికి స్కూటరు నేనే నడిపాను. మీరు రండి, వదినా, నిలదీయడానికి కాదు. జుగ్సలాయి వంతెన ఎక్కగానే కింద పట్టాల పక్కన సిగ్నల్ కనబడింది. వెనక కూర్చున్న ఆయన ఏమీ అనలేదు.

"ఎల్లో" అన్నాను.

"ఎల్లో" అన్నారు.