ఎడమ కాలి బ్రేకు

జూన్ 2, మంగళవారం

పొద్దున మమ్మల్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లే స్టాఫ్ వ్యాన్ తీసేస్తారట. ఈ నెలాఖరు దాకే. నోటీసు పెట్టే ధైర్యం కూడా లేక ఇన్‌ఛార్జి సిస్టర్ చేత నోటిమాటగా చెప్పించారు. డయాలిసిస్ మొదటి షిఫ్టు ఐదున్నరకి. మొదటి బస్సు మా వీధి చివరికి వచ్చేదే ఐదున్నరకి. టైముకి రాలేనివాళ్లను జూలై ఒకటి నుంచి స్టోర్స్‌లో వేస్తారట. స్టోర్స్ అంటే కిటికీ లేని గది, నిండా అట్టపెట్టెలు. ఇన్నేళ్లూ మనుషుల చేతులు పట్టుకుని సూదులు పెట్టినదాన్ని, ఇక గ్లౌజుల పెట్టెలు సర్దుకోవాలి.

సిస్టర్ మంచిదే. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

బండి కొనుక్కుంటాను. ఇంటికొచ్చే బస్సులో, కమ్మీ పట్టుకుని నిలబడి ఉండగానే తేల్చేసుకున్నాను.

జూన్ 3

ఆయనకు చెప్పాను. ముందు గదిలో బల్ల మీద గుడ్డ పరుచుకుని కత్తిరిస్తున్నాడు. తల ఎత్తకుండానే, స్కూటీయే కదా అన్నాడు. కాదు, మోటార్ సైకిల్ అన్నాను. కత్తెర ఆగింది. మా ఆయన కత్తెర మధ్యలో ఆపే రకం కాదు. ఆపితే అంచు వంకర పోతుందని ఇల్లు కాలుతున్నా చివరిదాకా కత్తిరించే మనిషి.

నాకు యాభై ఒకటి. ఆఖరిసారి బండి తోలింది అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు. కొన్నాళ్లు ఆపమన్నారు, ఆపాను. తర్వాత మళ్లీ ఎక్కమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఉద్యోగం, వేరే ఊరు, వేరే వంటగది. లైసెన్సు మాత్రం గడువు తీరిన ప్రతిసారీ రెన్యూ చేయించుకుంటూ వచ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

రాత్రికల్లా మా పెద్ద ఆడపడుచు ఫోన్ చేసింది. తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. ఈ వయసులో ఇదేం పోయేకాలమే అంది. మోకాళ్ల సంగతి అడిగింది, బీపీ సంగతి అడిగింది, చివరికి హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు ఊడుతుందని కూడా చెప్పింది. ఊడటానికి ఏముంది వదినా అన్నాను.

జూన్ 5

స్కూటీ ముచ్చట కూడా తీరింది. పైవాటా అమ్మాయి తనది ఇచ్చింది. హాస్పిటల్ రోడ్డంతా పైపుల కోసం తవ్వి పోశారు. ఆ చిన్న చక్రం గుంటలో దిగిందంటే గుంట చెప్పినట్టే వినాలి. కింద పడలేదు గానీ, హాస్పిటల్ గేటు చేరేసరికి రెండు చేతులూ వణుకుతున్నాయి. అదే వణికే చేతులతో సూది పట్టుకోవాలి.

అదొక్కటే కారణం కాదు. ఇక్కడ రాసుకుంటే నన్నెవరు తిడతారు? నాకు బండి ఇష్టం. స్కూటీ మీద కాళ్లు చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంటాయి. ఇన్నాళ్లూ అందరికీ పనికొచ్చే పనులే చేశాను. ఈ ఒక్కటి నాకు ఇష్టమైనట్టు చెయ్యాలని ఉంది.

జూన్ 7, ఆదివారం

షోరూమ్. సేల్స్ కుర్రాడు మాట్లాడినంతసేపూ ఆయనతోనే మాట్లాడాడు. సార్ మైలేజీ, సార్ పికప్, సార్ ఏబీఎస్. సార్‌కి సైకిల్ తొక్కడం కూడా రాదు. బండి ఆవిడకి బాబూ అని ఆయన చెప్పగానే ఆ కుర్రాడు మమ్మల్ని స్కూటీల వైపు నడిపించాడు. వెనక్కి తీసుకురావడానికి కొంతసేపు పట్టింది.

నల్లది నచ్చింది. సీటు ఎత్తు తక్కువ, రెండు పాదాలూ నేలకి ఆనాయి. టెస్ట్ రైడ్ అన్నాను. ఆయన వెనక ఎక్కి కూర్చున్నాడు. నువ్వు పడేటట్టయితే నేనూ పడతాను, ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూడటం నావల్ల కాదు అన్నాడు.

వీధి చివరిదాకా బాగానే వెళ్లాం. క్లచ్చు చేతికి గుర్తుంది. గాలి మొహానికి కొడుతుంటే నవ్వొచ్చింది. మలుపులో ఒక లారీ వెనక్కి వస్తోంది.

ఎడమ కాలు దిమ్మిసలా పడింది. బండి ఆగలేదు. గేరు పడి ఒక్క ఊపు ఊపింది. అప్పుడు కుడిచేత్తో ముందు బ్రేకు పిసికేశాను, కింద ఇసుక, ఇద్దరం పక్కకి ఒరిగిపోయాం. లారీ డ్రైవర్‌కి ఇదేమీ తెలియదు, వెళ్లిపోయాడు. నాకు మోకాలు గీరుకుంది. ఆయన మోచెయ్యి బండి కింద నలిగింది.

మా నాన్న బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆ కాలం బండ్లు కొన్ని అంతే. నేర్చుకున్నది దాని మీదే, తోలిందీ అదొక్కటే. ఇప్పటివన్నీ తిరగేసి ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు, ఎక్కేముందు సేల్స్ కుర్రాడికి అప్పజెప్పాను కూడా. తలకి తెలిసి ఏం లాభం, లారీ వచ్చినప్పుడు తలని ఎవరడిగారు?

జూన్ 8

కుట్టేవాడికి కుట్లు. ఈ జోకు ఆయనే వేశాడు.

జూన్ 11, గురువారం

మొన్న ఆయన కట్టు మార్పించడానికి సెలవు పెట్టాను. ఇవాళ వెళ్తే మూడో మంచం మీద డ్రైవర్ తాత చెయ్యి నల్లగా కమిలి ఉంది. ముప్ఫై ఏళ్లు బస్సు తోలిన చెయ్యి. కొత్త టెక్నీషియన్ రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదట. ఆ పిల్ల తప్పేం లేదు. తాత ఫిస్టులా, అంటే సూదుల కోసం ఆపరేషన్ చేసి పెద్దది చేసిన నరం, లోతుగా ఉండి వేలి కిందనుంచి జారిపోతుంది. నాకు మాత్రం మొదట్లో దొరికిందా ఏమిటి?

తాత ఏమీ ఫిర్యాదు చెయ్యలేదు. నేను రెండో పక్క చోటు వెతికి, నెమ్మదిగా సూది దింపి, టేపు వేస్తుంటే అప్పుడు అడిగాడు.

“ఒకటో తారీఖు నుంచి ఇక ఇంతేనా అమ్మా?”

లేదు తాతా, బండి కొంటున్నాను అన్నాను. మా ఆయన మోచేతి కుట్లు గుర్తొచ్చి నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

జూన్ 14, ఆదివారం

రెండు వీధుల అవతల ఫొటో స్టూడియో పెద్దాయన తన పాత బండి అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాం. షెడ్డు తలుపు తీయగానే ముందు చూసింది కాళ్ల దగ్గర. గేరు కుడివైపు. బ్రేకు ఎడమవైపు.

స్టార్ట్ చెయ్యడానికి పెద్దాయన చాలాసేపు కిక్కు కొట్టాడు. మధ్యలో ఆగి ఆయాసపడ్డాడు. అమ్మేది మోకాలు అరిగిపోయినందుకేనట. కాస్త చల్లగా ఉంటే బతిమాలుకోవాలమ్మా అని దాపరికం లేకుండా చెప్పాడు.

ఎక్కాను. వీధులన్నీ తిరిగాను. కుక్క అడ్డమొచ్చింది, పాదం దానంతటదే పడింది, బండి ఆగింది. నేను ఏమీ ఆలోచించలేదు. పాతికేళ్ల కిందటి నేను ఎక్కడికీ పోలేదు, ఈ ఎడమ కాలిలో దాక్కుని ఉంది. ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని అదే చోట నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి, తీసుకో అన్నాడు.

జూన్ 15

తీసుకోమన్నంత తేలికా?

కొత్తది నేను ఆపలేను. పాతదాన్ని స్టార్ట్ చెయ్యడం నావల్ల అయ్యేట్టు లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అనలేదు.

జూన్ 17

పెద్దాయన్ని బతిమాలి నిన్న బండి మా గుమ్మంలో పెట్టించుకున్నాను. డ్యూటీకి వెళ్లే వేళకి స్టార్ట్ అవుతుందో లేదో చూడాలి కదా. ఇవాళ చీకటితో లేచి కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. కొట్టాను, కొట్టాను. ఒకసారి కిక్కు ఎదురు తన్ని పిక్క మీద గుమ్మడికాయంత వాపు. పైవాటావాళ్లు లైటు వేశారు. వీధి చివర వ్యాన్ హారన్ వినబడేదాకా కొట్టి, బండి అక్కడే వదిలేసి, కుంటుకుంటూ పరిగెత్తాను.

సాయంత్రం పెద్దాయన వచ్చి ఒక్క కిక్కుకి స్టార్ట్ చేశాడు. దానికి మనుషుల తేడా తెలుసేమో. వద్దు బాబాయ్, నా వల్ల కాదు అన్నాను. పాపం, మొహంలో సంతోషం దాచుకోలేకపోయాడు. అమ్మాలని ఆయనకీ లేదు. బండి మీద చెయ్యి వేసి నడిపించుకుంటూ తీసుకెళ్లాడు.

వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నా ఎడమ కాలు కూడా వాళ్లతో పోతే బాగుండును.

జూన్ 18

మిషన్ తిరుగుతుంటే డ్రైవర్ తాతకి అంతా చెప్పాను. ఎవరికి చెప్పినా స్కూటీ అంటారు. తాత అనలేదు. తను కూడా ఒకసారి పెడల్స్ తేడాగా ఉండే బండికి మారాడట, మొదటి నెల ప్రాణం అరచేతిలో పెట్టుకుని తోలాడట.

“కాలికి చెప్తే వినదమ్మా. చేయించాలి. బస్సులో కూర్చుంటావుగా, డ్రైవర్ బ్రేకు వేసినప్పుడల్లా నువ్వూ వెయ్యి. కుడి కాలితో.”

జూన్ 20

బస్సులో వేస్తున్నాను. స్టాపు వస్తే బ్రేకు. సిగ్నల్ పడితే బ్రేకు. పక్క సీటావిడ కాసేపు చూసి, కాలికి నరాల జబ్బా అని జాలిగా అడిగింది. అవునన్నాను. తన మరదలికీ ఉందట, ఏదో నూనె పేరు చెప్పింది.

ఇంట్లో ఇంకో చోద్యం. ఆయన ఒంటి చేత్తో కుట్టుమిషన్ ముందు కూర్చుని, నేను అంట్లు తోముతుంటే ఉన్నట్టుండి లారీ అని అరుస్తాడు. నేను కాలు వెయ్యాలి. లారీ. ఆటో. కుక్క. ఒకసారి మా అక్క అని అరిచాడు. రెండు కాళ్లూ పడ్డాయి.

చాలా రోజులకి నవ్వాం. కానీ లారీ అన్నప్పుడు పడింది ఎడమదే.

జూన్ 24

షోరూమ్ వెనక ఖాళీ స్థలంలో ఒక్కదాన్నే తోలాను. సేల్స్ కుర్రాడు ముందుజాగ్రత్తగా స్తంభం వెనక నిలబడి, ఇష్టమొచ్చినప్పుడు ఖాళీ డబ్బా నా ముందుకి విసిరాడు. చాలాసార్లు కుడి కాలు పడింది. ఒకసారి ఎడమది. డబ్బా మీదుగా వెళ్లిపోయాను.

నల్లది రెడీగా ఉంది మేడమ్, ఆదివారం బుక్ చేస్తే మంగళవారం బండి మీ ఇంటి ముందుంటుంది అన్నాడు. ఒక్కసారే కదా తప్పింది అని కూడా అన్నాడు. ఆ ఒక్కసారి డబ్బా కాకపోతే?

బుక్ చెయ్యలేదు.

జూన్ 26

వచ్చే నెల డ్యూటీ చార్టు గోడకి అంటించారు. నా పేరు స్టోర్స్ కింద ఉంది. ఇంకో వారం ఆగమని సిస్టర్‌ని అడిగాను. మంగళవారం సాయంత్రంలోగా బండి చూపిస్తే చార్టు మారుస్తానంది. అంతకుమించి తన చేతుల్లో లేదంది. నిజమే అయ్యుంటుంది.

అలసిపోయాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

జూన్ 27, శనివారం

కొత్త పిల్లకి డ్రైవర్ తాత చెయ్యి అప్పగించాలని కూర్చున్నాను. నరం ఎక్కడ లోతు, ఎక్కడ పక్కకి తిరుగుతుంది, వేలు ఎంత బరువుతో ఆనించాలి. వింటున్నాను మేడమ్ అంటోంది. చెవులు వింటున్నాయి, వేళ్లు వినడం లేదు. దాన్ని ఏమని తిట్టను? నాదీ అదే రోగం.

సూది ఆ పిల్లే పెట్టింది. తాత కళ్లు మూసుకుని పెదవి కరిచిపట్టుకున్నాడు. మూడోసారికి దొరికింది. బాగా పెట్టావు తల్లీ అని దానితో అబద్ధం చెప్పాడు. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో బ్రేకు వెయ్యాలని కూడా అనిపించలేదు. ఊరికే కూర్చున్నాను. రాత్రి ఆయన లారీ అని అరవలేదు. ఆయనకీ తెలిసిపోయినట్టుంది. అన్నం తిని, ఎప్పటిలాగే ఆయన కుడిపక్కన పడుకున్నాను.

జూన్ 28, ఆదివారం. తెల్లవారింది

నిద్రలో ఆయన్ని తన్నానట. మామూలుగా కాదు, మంచం దిగిపోయేటట్టు. కలలో ఏదో అడ్డమొచ్చింది, ఏమిటో గుర్తులేదు. లేచి చూస్తే నేల మీద కూర్చుని తొడ పట్టుకుని మూలుగుతున్నాడు.

ఏ కాలు అని అడిగాను. నా కాలు చూడకుండా నీ కాలు గురించి అడుగుతావేమిటే అన్నాడు. మళ్లీ అడిగాను. ఆయన పక్కకి ఉండేది నా ఎడమ కాలు. కుడి కాలు తన్నాలంటే దాన్ని దాటి రావాలి.

కాసేపు ఆలోచించి, తొడ వదిలేసి నా మొహంలోకి చూశాడు.

“కుడిది.”

షోరూమ్ పదింటికి గానీ తెరవరు.