మోగని డప్పు

మొయినాబాద్ దగ్గర, మన ఊరు
జూన్ 3

ప్రియమైన బిడ్డ సమతకు బాపు దీవెనలు.

నా నంబర్ బ్లాక్‌ల పెట్టినవు కదా, అందుకే కాగితం పట్టిన. పక్కింటి పూజ చేవెళ్ల కాలేజీకి వస్తది, దాని చేతికిస్తున్న.

గాలివాన వచ్చి పదిహేను దినాలాయె. మన పాలీహౌస్ ప్లాస్టిక్ కప్పు లేచి పక్కోళ్ల చేన్ల పడ్డది. పాలీహౌస్‌ల గులాబీలన్నీ నేలపాలు. ఆ పాలీహౌస్ యాదికొస్తే అన్నం దిగుతలేదు. దానికి తోడు ఊరు ఊరు లెక్క లేదు. జర గాలి లేస్తే పిల్లలు మంచాల కిందికి ఉరుకుతున్నరు. ఎవరి వాకిట్ల వాళ్లే.

పెద్దలం కూసొని గురువారం బయటి వంట పెట్టుకున్నం. నీకెరుకే, ఇండ్లకు తాళాలేసి, ఊర్ల ఒక్క పొయ్యి ఎలగకుండ, ఒక్క మనిషి మిగలకుండ పొద్దుగూకే దాక చేన్లల్లనే వండుకొని తినాలె. అప్పుడే ఊరికి పట్టిన కీడు ఇడుస్తది. అందరు సరేనన్నరు. కుర్మయ్య ఒక్కడే రానంటున్నడు. కూలిన గోడ కాడ కూసున్నడు, లేస్తలేడు. ఆయన కష్టం మాకు తెలువదా? ఒక్కని మొండితనానికి ఊరంతా ఆగాల్నా? నువ్వు చెప్తే ఇంటడు. ఒక ముక్క రాయి.

నీ బాపు,
బాల్‌రాజ్

చేవెళ్ల
జూన్ 4

ప్రియమైన బాపుకు,

'ప్రియమైన' అని రాసి కొట్టేద్దామనుకున్న. మళ్ల ఉంచిన.

నీ ఉత్తరంల పాలీహౌస్ మూడుసార్లున్నది. చిన్నాయనసొంటి కుర్మయ్య కాక, ఆయన భార్య సుక్కవ్వ పేరు ఒక్కసారి లేదు. ఆ గోడ కింద పోయింది ఆమెనే కదా! అమ్మ పోయినంక నాకు జడలేసి, బువ్వ తినిపించి, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకపోయింది ఎవరు బాపూ?

పెద్ద గాలి వస్తదని ఆ మధ్యాహ్నమే ఫోన్లకు మెసేజ్ వచ్చిందట. నువ్వు ఊరి గ్రూప్‌ల పెట్టినవు, సంతోషం. సుక్కవ్వకు ఫోనే లేదు. కాక గొర్ల ఎంబడి పోయిండు. ఏ కబురైనా రామన్న డప్పు కొట్టి చెప్పే ఊరు మనది. ఆ దినం డప్పు ఎందుకు మోగలే? మోగితే ఆమె బడి బిల్డింగుల కూసొని బతికేది. కాకకు నేనేం రాయ. ముందు నువ్వు దీనికి జవాబు రాయి.

సమత

మన ఊరు
జూన్ 7

బిడ్డా సమతా,

నీ ఉత్తరం చదివి బీపీ పెరిగింది. గురువారం వంట పాడైంది. రామన్న డప్పు ముట్టనన్నడు. ఆయనకేమైందో! గ్రూప్‌ల పెట్టి అందర్ని పిలిచిన. చేన్ల ఇస్తార్లేసుకొని కూసున్నమో లేదో, ఊర్లకెల్లి పొగ! కుర్మయ్య ఆ కూలిన ఇంట్ల పొయ్యి ఎలిగించిండు. అందరు బువ్వ ఇడిచి లేచిన్రు. ఆడోళ్లు ఏడ్చుకుంట ఇండ్లకు పోయిన్రు. మన గల్లీ పోరడు శ్రీకాంత్ ఆయనను కొట్టనికే ఉరికితే నేనే పట్టుకొని ఆపిన.

"తాళం వేయనికి నాకు తలుపేది పటేలా?" అన్నడు కుర్మయ్య.

ఇంక నేనేం చేయాలె? డప్పు సంగతి అడగకు. అయిపోయినదాన్ని తవ్వుడు నాకు చేతగాదు.

బాపు

చేవెళ్ల
జూన్ 9

బాపూ,

చేతగాకుంటే నాకు చెప్పకు. చెప్పాల్సినోళ్లు నీ గల్లీలనే ఉన్నరు. వాళ్లకు చెప్పేదాక నాకు ఉత్తరం పంపకు. పంపితే చదవకుండ తిప్పి పంపుత.

సమత

మన ఊరు
జూన్ 20

ప్రియమైన బిడ్డకు,

తిప్పి పంపకు, ఇది చదువు.

ఆ మధ్యాహ్నం రామన్న డప్పు చంకల పెట్టుకొని మన వాకిట్లకు వచ్చిండు. "పటేలా, గాలొస్తదంటున్నరు, చాటింపు ఏద్దునా?" అన్నడు. నేను పాలీహౌస్‌కు తాళ్లు కట్టిస్తున్న. "గ్రూప్‌ల పెట్టిన. ఇంకా ఏ కాలంల ఉన్నవురా, పో" అన్న. పోయిండు. నా తప్పు కనబడొద్దని కుర్మయ్య మొండోడని ఊరంతా చెప్పుకుంట తిరిగిన.

మొన్న రామన్న ఇంటికి పోయి, "నువ్వు కొట్టు, నేను చెప్త" అన్న. రామన్న లోపలికి పోయి డప్పు మంట కాడ వేడి చేసుకొని తెచ్చిండు. గల్లీ గల్లీల నిలబడి చెప్పిన: "ఆ దినం డప్పు ఆపింది నేను. సుక్కవ్వ పాణం పోయింది నా మాటకు." కొందరు తలుపులేసుకున్నరు. ఒక ముసలవ్వ దుమ్మెత్తి పోసింది. పోయనీ.

ఆఖరికి కుర్మయ్య గోడ కాడికి పోయినం. అక్కడ నాకు నోరు రాలే. రామన్న రెండోసారి కొట్టిండు. అప్పుడు చెప్పిన. కుర్మయ్య నన్ను చూడలే. "గీ చప్పుడు ఆ దినం ఇంటే బయటికి ఉరికేదానివి కదనే సుక్కీ" అని గోడతోని అన్నడు. ఆమె పోయినంక ఆయన ఏడ్చుడు అదే మొదటిసారి. ఎంబడి వచ్చినోళ్లంతా ఆయన చుట్టూ కూసొని ఏడ్చిన్రు. నేను కూడా.

నిన్న గురువారం బయటి వంట అయ్యింది. కుర్మయ్య వచ్చిండు. సుక్కవ్వ పేరున ఒక ఇస్తారి ఏసి ముందుగాల దానికే పెట్టిండు. నా పక్కకు కూసోలే, నాతోని మాట్లాడలే. మాఫ్ చేయుమని నేను అడగలే. అడిగే మొహమేది?

నువ్వు ఒక్కసారి ఇంటికి రా బిడ్డా.

నీ బాపు,
బాల్‌రాజ్

చేవెళ్ల
జూన్ 21

ప్రియమైన బాపూ,

రేపు ఆదివారం వస్తున్న. గ్రూప్‌ల పెట్టకు. కుర్మయ్య కాక కాడికి నువ్వే నడిచిపోయి, నోటితోని చెప్పు. బువ్వ ఆయన దగ్గరనే తింట. నువ్వు కూడా రా. పిలిస్తే లోపలికొద్దువు, పిలువకుంటే గోడ అవతల కూసో.

నీ బిడ్డ,
సమత