తెరపట్టులో నీ నాలుగు వాక్యాలు

ద్వారకా నగర్, విశాఖపట్నం
12-8-2007, ఆదివారం

ఈశ్వరికి,

ఆశాజ్యోతి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసాయేనని, పరవాడ మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం బాగుందని మీ అమ్మ చెప్పింది కాబట్టి, ఆ మాట నేను అడిగినట్టే అనుకో. ఏడేళ్ల తర్వాత ఇదేం ఉత్తరం అంటావు. చింపేసే ముందు చివరిదాకా చదువు. నీ సంతకం కావాలి, అది ఫోనులో కుదిరేది కాదు.

నేనిప్పటికీ మన కంప్యూటర్ సెంటర్‌లోనే పాఠాలు చెబుతున్నాను. ఆదివారాలు ఇంకో పని నెత్తిన పెట్టుకున్నాను. ఉత్తరాలూ దరఖాస్తులూ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల మార్చుకోవచ్చు, ఊరంతా పంచిపెట్టవచ్చు. దాన్ని ఎలా వాడాలో తెలుగులో పుస్తకం రాస్తున్నాం. పుస్తకానికీ అదే షరతు. మా పెద్దదిక్కు సీతారామాంజనేయులుగారు, పోర్టులో రిటైరైన గుమాస్తా. కామా తప్పినా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసే మనిషి.

పుస్తకం నిండా కంప్యూటర్ తెర బొమ్మలు, అదే స్క్రీన్‌షాట్లు, ఎనభై ఆరు పెట్టి మురిసిపోయాను. ఆయన మొదటి బొమ్మ దగ్గరే ఆగి, ఈ కిటికీ అంచు ఎవరిదమ్మా అని అడిగారు. మా సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ, అది నడిచిన కంప్యూటర్‌లోని విండో అంచులూ మూలనున్న గుర్తులూ ఒక కంపెనీ సొత్తట. పుస్తకంలో వేసుకోనిస్తారు, బొమ్మను మార్చకూడదని వాళ్ళ షరతు. ఎవరైనా మార్చుకోవచ్చని మా షరతు. రెండూ ఒక పేజీలో ఎలా ఇముడుతాయి చెప్పు!

మొదట ఒళ్ళు మండింది. తర్వాత భలే సరదా పుట్టింది. ఒక్క తెరలో ఎంతమంది చేతిపని ఉందో వెతకడం మొదలుపెట్టాను. అక్షరాలకు రూపం గీసిందెవరు? వెనకాల డాల్ఫిన్ నోస్ కొండ ఫోటో తీసిందెవరు? అది నా కంప్యూటర్‌లోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు. చివరికి ఉచిత సిస్టమ్ మీద, వెనక ఉత్త నీలం రంగు పెట్టి, అన్నీ మళ్ళీ తీశాను. మూడు ఆదివారాలు పోయాయి.

స్క్రీన్‌షాట్‌కి "తెరపట్టు" అని తెలుగు పేరు పెట్టుకున్నాం. పోయిన వారం నీ అడ్రసు కోసం పెదజాలారిపేటలో మీ ఇంటికి వెళ్ళి, తెరపట్ల పని మీద వచ్చానన్నాను. మీ అమ్మ, అప్పాయమ్మ పిన్ని, నన్ను ఎగాదిగా చూసి, "తెరల్లో ఏటి పడతన్నావమ్మా? ఏ వలేత్తన్నావు?" అంది. మీకు తెరంటే అల అన్న సంగతే మరిచిపోయాను! పొట్ట పట్టుకుని నవ్వాను. మీ నాన్న, ఎల్లాజీ బాబాయి, మాత్రం నవ్వలేదు. నా గొడవంతా విని, "వలేత్తే సేపొక్కటే వత్తాదేటి? మొన్న ఎవుడిదో తెగిపోయిన వల ముక్క వచ్చీసింది. ఎవుడిదో ఆనవాలు తెలిసింది. పట్టుకెల్లి ఇచ్చీసినాను" అన్నాడు. సీతారామాంజనేయులుగారు గంటసేపు చెప్పిన సంగతి ఇదే.

ఇక నీ విషయం. అక్షరాల సైజు మార్చే పాఠంలో, తెర మీద చూపించడానికి ఏదో ఒకటి టైపు చేయాలి కదా. చేతికొచ్చింది కొట్టాను. "నాన్న పడవ కనబడని పూట అమ్మ ఒడ్డుకు రాదు. ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం ఎక్కువ పోస్తుంది." ఆ తర్వాతి రెండు వాక్యాలు కూడా. ఆయన చదివి, ఇవి ఎవరివమ్మా అన్నారు. తెర మీది రాతకూ హక్కుంటుందట. రాసినవాళ్ళ పేరూ సంతకమూ ఉంటే గానీ వేయకూడదన్నారు.

అవి నీవి. రెండువేల సంవత్సరంలో సెంటర్ సావనీర్ కోసం నువ్వు చేత్తో రాసిచ్చావు. తెలుగు కీబోర్డు నాకే వచ్చు కాబట్టి నేను టైపు చేశాను. కింద నా పేరుతో అచ్చయింది. టైపు చేసినదాన్నే ప్రెస్సువాళ్ళు రచయిత్రి అనుకున్నారని నీకు చెప్పాను. మర్నాటి నుంచి బస్ కాంప్లెక్స్ దగ్గర నా కోసం ఆగడం మానేశావు. ఆ సావనీర్ చూసి అందరూ నన్ను మెచ్చుకున్నారు. నువ్వు లేని లోటు మాత్రం నాకు ఇప్పటికీ తీరలేదు ఈశ్వరీ.

ఫారం జతచేశాను. జాగ్రత్తగా చదువు. ఒకసారి ఒప్పుకుంటే నీ వాక్యాలు ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. పేరు మాత్రం ఉంచాలి. ఇష్టం లేకపోతే సంతకం పెట్టకు, మొహమాటపడకు. ఇంకేవో నాలుగు ముక్కలు కొట్టి ఆ బొమ్మ మళ్ళీ తీయడం నాకు రెండు నిమిషాల పని. నెలాఖరుకు పుస్తకం బయటికి వెళ్తుంది.

నీ జవాబు కోసం చూస్తూ,
ఆశ

తా.క.: ప్రెస్సువాళ్ళ తప్పేమీ లేదు. ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. కింద నీ పేరు సరిగ్గానే ఉంది. ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి నా పేరు రాసింది నేనే. అంత మంచి వాక్యాలు నువ్వు రాశావంటే ఓర్చుకోలేకపోయాను. ఫారంలో రాసినవారి పేరు దగ్గర నీ పేరు నింపే పంపుతున్నాను. నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా, ఈసారి దాన్ని కొట్టేయను.